పత్తి బస్తా మీద ఒంటికాలు

మా జువాలజీ మేడం పోయారని మొన్న ఉదయం కాలేజీ స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఆ మాట వినగానే నేను చేసిన మొదటి పని కుర్చీలోంచి లేచి నిలబడటం. ఆవిడ గదిలోకి వస్తే లేచే అలవాటు ఇన్నేళ్లయినా నాకు పోలేదు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆవిడ తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. తొంభైల చివర్లో నేను చిలకలూరిపేటలో బీఎస్సీ చదివాను. పత్తి రైతు కూతుర్ని, కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్ని. మా కాలేజీలో ఆడేవాళ్లు ఒక గుంపు, చదివేవాళ్లు ఇంకో గుంపు. ఆడేవాళ్లం క్లాసులోకి వెళ్తే, చేలో పడ్డ మేకల్ని చూసినట్టు చూసేవారు లెక్చరర్లు. మేడం ఒక్కరే ఈ రెండు గుంపుల్నీ కలిపారు. శనివారం మధ్యాహ్నం గ్రౌండులో క్లాసు పెట్టేవారు. దానికి సిలబస్సూ లేదు, మార్కులూ లేవు. ఆటలాడే ఒక్కో అమ్మాయికి ఒక్కో సైన్సు అమ్మాయిని జత చేసేవారు. మాకు ఎక్కడ కండ పట్టేసింది, ఎందుకు పట్టేసింది, ఏం చేస్తే వదులుతుంది, అన్నీ ఆ అమ్మాయి చెప్పాలి.

మేడం చేతిలో ఎప్పుడూ రంగు సుద్దముక్కలు ఉండేవి. పిక్క కండ ఎక్కడ మొదలై మడమకి ఎక్కడ అతుక్కుంటుందో మా ట్రాక్ ప్యాంట్ల మీదే గీసి చూపించేవారు. ఆ గీతలతోనే ఇంటికి బస్సెక్కేవాళ్లం. "ఏమ్మా, టైలరు దగ్గర్నుంచి సగంలో లేచొచ్చారా?" అని కండక్టరు ఎగతాళి చేసేవాడు.

"వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్తారు. సొంత కాల్లో ఏముందో తెలీదు. సిగ్గుగా లేదూ?" అనేవారు మేడం. పొదిలి వైపు మనిషి, గొంతు పెద్దది. ఆ గొంతుకి గ్రౌండు అవతల గేదెలు కూడా తలెత్తి చూసేవి.

యూనివర్సిటీ పోటీలు కొన్ని వారాల్లో ఉన్నాయనగా ప్రాక్టీసులో నా కుడి చీలమండ మడతపడింది. ఇంటికి చేరేసరికి బూరెలా ఉబ్బింది. మా వైపు కాలు బెణికితే చేసేది ఒకటే: వేడి వేడి ఆముదం రాసి, ఒక్క లాగు లాగి, సున్నం బెల్లం పట్టు వెయ్యడం. నాన్న పక్క ఊరి నుంచి లాగే ఆయన్ని పిలిపించాడు. పొయ్యి మీద ఆముదం కాగుతుండగా మేడం ఆటో దిగారు. చేతిలో కూల్‌డ్రింకు షాపు నుంచి తెచ్చిన ఐసు సంచి, దాంట్లోంచి చీరంతా తడిపేస్తూ నీళ్లు.

"ఆ కాలు ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు గుమ్మంలోంచే.

నాన్నకి ఒళ్లు మండింది. "మాకిది కొత్తేం కాదండీ మేడం గారూ. మా ఎద్దు కాలు బెణికినా మేమే లాగుతాం. రెండ్రోజుల్లో అరకకి పోద్ది."

"మీ ఎద్దు కబడ్డీ ఆడదు కదండీ!"

ముందుగా నవ్వింది ఆ లాగే ఆయనే. మేడం కింద కూర్చుని, నా కాలు దిండ్ల మీద పెట్టి, తువ్వాల్లో చుట్టిన ఐసు ఆనించారు. "ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ సాగిందండీ. పగ్గం పీచు లేస్తే ఇంకా బిగించి లాగుతారా మీరు?" అని నాన్నని అడిగారు. నాన్న వెళ్లి పొయ్యి ఆర్పేశాడు. మర్నాడు గుంటూరులో ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు.

కాలేజీలో మాత్రం గొడవ ముదిరింది. పాఠం చెప్పమంటే వైద్యం చేస్తున్నారేమిటని ప్రిన్సిపాల్ గారు మేడాన్ని పిలిచి అడిగారు. ఆ పిల్ల పోటీల్లో ఆడలేకపోతే శనివారం క్లాసు ఇక ఉండదన్నారు. మేడం సరేనని వచ్చేశారు. నా దగ్గర దాచలేదు కూడా. "నా క్లాసు నీ కాలి మీద నిలబడి ఉంది. అయినా నొప్పొస్తే చెప్పు. దాచావో, జట్టులోంచి నేనే తీసేయిస్తా" అన్నారు.

వాపు తగ్గాక మొదలైంది అసలు పని. మా వసారాలో పత్తి బస్తాలు ఉండేవి. ఒకదాన్ని పడుకోబెట్టి, దాని మీద ఒంటికాలి మీద నిలబడమన్నారు. అడుగు దిగబడి ఒళ్లు ఊగుతుంటే, పడకుండా ఆపడం చీలమండే నేర్చుకోవాలట. నాన్నకి మనసొప్పలేదు.

"పంటంటే లక్ష్మండీ. దాని మీద కాలు పెట్టిస్తారా?"

"బస్తాలోకి పత్తిని కూరేది ఎట్టాగండీ?"

"తొక్కి..." అని ఆగిపోయాడు నాన్న. బస్తా తానే దొర్లించుకొచ్చి పరిచాడు. ఆ తర్వాత ఆయనే నాకు కోచ్. చేలోంచి రాగానే బస్తా పక్కన నిలబడి "ఊగమాకే, నిలబడు! మేడం చూస్తే నన్ను తిడద్ది!" అని అరిచేవాడు. నేను కుదురుగా నిలబడటం నేర్చుకున్నాక, నా మీదికి బంతి విసిరి పట్టుకోమనేవారు మేడం. ఆ తర్వాత వాడరేవు సముద్రపొడ్డు ఇసుకలో పరిగెత్తించారు. నొప్పి లేదన్నా నా మాట నమ్మేవారు కాదు, వేళ్లతో నొక్కి చూసుకునేవారు.

ఫైనల్లో స్కోరు సమానంగా ఉంది. ఆఖరి రైడు నాది. ఒకమ్మాయిని తాకి వెనక్కి తిరిగేలోపు, కార్నర్‌లో ఉన్న పిల్ల నా కాలు పట్టేసింది. సరిగ్గా ఆ చీలమండే, కట్టు చూసి పట్టింది మహాతల్లి. కూత ఆపకుండా ఆ పాదాన్నే నేలకి తన్ని ముందుకు పడ్డాను. చీలమండ జారలేదు. నా వేళ్లు మధ్య గీత దాటాయి. మేం గెలిచాం!

శనివారం క్లాసు మరుసటి ఏడాది టైంటేబుల్లోకి ఎక్కింది. రెండువేల సంవత్సరం తర్వాత అదే డిగ్రీతో పాటు చేసే కోర్సయింది. ఆటగాళ్ల శిక్షణ, గాయాల సంరక్షణ అందులో పాఠాలు. ఇవాళ ఆ పాఠాలు చెబుతున్నది నేనే, రంగు సుద్దముక్కలతో సహా. ప్రిన్సిపాల్ గారి మనసు మారింది మాత్రం ఆ ఫైనల్ రోజునే. ఎలాగో కూడా చెప్పేస్తాను.

జట్టంతా కప్పు చుట్టూ గెంతుతోంది. నేనింకా గీత దగ్గరే వెల్లకిలా పడి రొప్పుతున్నాను. మేడం చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చి, గంజి చీరతో మట్టిలో కూలబడి, నా కాలు ఒళ్లోకి తీసుకున్నారు. "అయ్యో మేడం, మీరు నా కాలు పట్టుకోవడమేంటి" అని లాక్కోబోయాను. వదల్లేదు. కట్టు విప్పి, ఎముక చుట్టూ నొక్కి, పాదాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. ఎక్కడా నొప్పి లేదు. అంతలో ప్రిన్సిపాల్ గారు అభినందించడానికి చెయ్యి చాచుకుంటూ వచ్చారు. మేడం ఆ చెయ్యి చూడనే లేదు. దుమ్ముకొట్టుకుపోయిన నా పాదాన్ని రెండు చేతుల్తో తల కంటే ఎత్తుగా లేపి, గ్రౌండు దద్దరిల్లేలా అరిచారు.

"చూడండి సార్! చూడండి!"