తొమ్మిది ఇళ్ల మాట

రిటైరయ్యాక ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, పాస్టర్లకు పాఠాలు చెబుతున్నానంటాను. వాళ్లు బైబిలు పాఠాలనుకుంటారు. బైబిలు ఆ పాస్టర్లకు నాకంటే బాగా వచ్చు. నేను ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పినదాన్ని. గుణదలలో ఒక మేడమీది హాల్లో నెలకు రెండు రోజులు కూర్చుంటాం. చుట్టుపక్కల పల్లెల నుంచి ఓ పదిహేనుమంది వస్తారు. చర్చికి వచ్చేవాళ్లకే కాకుండా ఊరందరికీ పనికొచ్చే మనిషిగా ఎలా ఉండాలన్నదే మా సబ్జెక్టు. తర్వాత ఒక్కొక్కరి ఊరికీ వెళ్లి, పని ఎలా సాగుతోందో దగ్గరుండి చూసి వస్తాను.

ఒక బ్యాచ్‌లో కొల్లేరు వైపు నుంచి ఒకాయన వచ్చేవారు. పాస్టర్ కాకముందు ఆటోలో మైకు పట్టుకుని సినిమాలకూ బట్టల షాపులకూ ప్రచారం చేశారట. కింద మెట్ల దగ్గర "వందనాలండీ మేడంగారూ" అంటే పైన టీ గ్లాసులు కడిగే ఆవిడ ఉలిక్కిపడేది. నవ్వితే ఆ నవ్వు కూడా అంతే. ఆయన రాని రోజు మా క్లాసు చప్పగా ఉండేది.

రెండో నెలలో అందరికీ ఒక హోంవర్క్ ఇచ్చాను. మీ చర్చికి రాని పది ఇళ్లకు వెళ్లండి. కరపత్రాలు పంచొద్దు. వాళ్లు అడిగితే తప్ప ప్రార్థన చేయొద్దు. మన ఊళ్లో మీకు ఇబ్బందిగా ఉన్నదేమిటని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకుని రండి.

తర్వాతి నెల అందరూ లేచి చదివారు. మంచినీళ్లు, దోమలు, రాని బస్సు. ఆయన మాత్రం, "నాది తర్వాత చెప్తానండీ" అని నోట్‌బుక్ మూసేశారు. టీ విరామంలో నన్ను వరండాలోకి పిలిచి ఆ పుస్తకం చేతికిచ్చారు. ఒకటో ఇల్లు: మీ మైకు. రెండో ఇల్లు: తెల్లారుజామున మైకు. మూడు, నాలుగు... అలా తొమ్మిది ఇళ్లు. పదో ఇంట్లో తాతగారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆయనకు చెవులు వినపడవు.

నేను నవ్వేశాను. ఆపుకోవాల్సింది, ఆపుకోలేకపోయాను.

ఆయన నవ్వలేదు. "దేవుని వాక్యమండీ అది. ఆరేళ్ల నుంచి రోజూ నాలుగున్నరకి లేచి వినిపిస్తున్నా," అన్నారు చాలా చిన్న గొంతుతో. ఆయనకు అంత చిన్న గొంతు ఉందని అప్పుడే తెలిసింది నాకు. మధ్యాహ్నం భోజనాలకు చూస్తే లేరు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. నిజం రాసుకొచ్చి చూపించిన విద్యార్థిని చూసి నవ్వే టీచర్ని ఏమనాలి? శనివారం పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. చర్చి పక్కనే వాళ్ల రెండు గదుల ఇల్లు. నన్ను చూసి ఆయన లేచి నిలబడి, కుర్చీ జరిపి, మొహం గుమ్మం వైపు తిప్పుకున్నారు.

"నాది తప్పండీ. నవ్వకుండా ఉండాల్సింది," అన్నాను.

"అయ్యయ్యో, మీరట్టా అనకండి మేడంగారూ," అని కంగారుపడిపోయారు. ఆ కంగారులోనే సగం కోపం పోయింది.

ఆయన భార్య మజ్జిగ తెచ్చిచ్చి, నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. "ఒక మాట అడగనా అండీ? మీరుండే చోట కూడా పది ఇళ్లు తిరిగారా మేడంగారూ?"

నేనుండేది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో కూడా నాకు తెలియదు. లేదని ఒప్పుకున్నాను. తర్వాత వారం నేను మా మెట్లెక్కి తలుపులు తట్టాను. ముందు రెండు ఇళ్లవాళ్లు చందాకు వచ్చాననుకున్నారు. మూడో ఇంట్లో పెద్దావిడ గంటన్నర సేపు నన్ను లేవనివ్వలేదు.

ఆ శనివారం మాత్రం, మజ్జిగ తాగాక, మేం ముగ్గురం కలిసి ఆయన పుస్తకంలోని ఒకటో ఇంటికి వెళ్లాం. చర్చి గోడకు ఆనుకునే ఉంది. ఆ ఇంటావిడ చేపలమ్ముతుంది, భర్త కొల్లేట్లో వల వేస్తాడు. చేపల తట్ట కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని కుర్చీలు వేసింది.

"మీ మీద కోపం కాదండీ అయ్యగారూ," అంది. "మా ఆయన వల తీసుకుని నాలుక్కి వస్తాడు. ఆరున్నరకి నేను తట్టెత్తుకోవాలి. మాకు కునుకు పట్టేది ఆ రెండు గంటలేనండీ. సరిగ్గా అప్పుడే మీ పాట మొదలవుద్ది."

"ఆరేళ్ల నుంచీ ఒక్కసారన్నా చెప్పలేదేంటమ్మా?"

"దేవుడి యవ్వారం కదండీ, మేమెట్టా చెప్తాం? అయినా మీరెప్పుడడిగారు?"

ఆయన లోపలి గది వైపు తొంగి చూశారు. తర్వాత, "మీ ఆయన పడుకున్నాడా ఇప్పుడు?" అని అడిగారు, గుసగుసగా.

ఆదివారం ఆరాధనలో ఆయన సంగతంతా చెప్పి, ఇక నుంచి తెల్లవారుజామున మైకు ఉండదన్నారట. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. పక్క ఊరి చర్చికి నాలుగు మైకులుంటే మనకు ఒక్కటీ లేకుండా ఎలా అన్నారట. రెండు వారాలు గొడవ నడిచింది. ఒకాయన అలిగి పక్క ఊరి చర్చికి వెళ్లిపోయాడు, ఇప్పటికీ తిరిగి రాలేదు. పాస్టర్‌గారు మాత్రం వెనక్కు తగ్గలేదు. మైకు ఆపిన మొదటి రోజు పొద్దున్నే నలుగురు వచ్చి, "అయ్యగారికి ఒంట్లో బాగుందా?" అని అడిగి వెళ్లారని ఆయన భార్య ఫోన్‌లో చెప్పి ఒకటే నవ్వడం.

వానాకాలంలో ఆ ఊరి అంగన్‌వాడీ పైకప్పు కారడం మొదలైంది. ఈ సంగతి ఆయనకు చెప్పింది ఆ చేపలావిడే. మనవరాలు అక్కడికే వెళ్తుంది. పిల్లల్ని చర్చి హాల్లో కూర్చోబెట్టుకోమని ఆయనే వెళ్లి అంగన్‌వాడీ టీచరును పిలుచుకొచ్చారు. కొందరు తల్లులు మొదట సందేహించారట. చేపలావిడ మనవరాలిని చంకనెత్తుకుని అందరికంటే ముందు వచ్చేసరికి మిగతావాళ్లూ కదిలారు.

నేను చూడ్డానికి వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బయట వాన. లోపల పిల్లలు అన్నాలు తిని చాపల మీద వరసగా నిద్రపోతున్నారు. ఆయన గుమ్మంలో గొడుగు ముడుస్తున్నారు. నన్ను చూడగానే అలవాటు కొద్దీ "వందనా..." అని మొదలుపెట్టి, ఠక్కున నోటి మీద చెయ్యి వేసుకుని, రమ్మని సైగ చేశారు.