ఊ కొట్టిన గాజులామె

మా అత్తకు కళ్ళు పోయినాక నోరొక్కటే మిగిలింది. ఆమె మాట్లాడుతుంటే పక్కన ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే, "సచ్చినావామే?" అని కేకేసేది. నా మొగుడు పోయాక ఊ కొట్టేదాన్ని నేనొక్కదాన్నే. నాకు నిద్ర అనేదే లేకుండా పోయింది.

ఒకసారి ఆమెను పొగబండిలో కడపకు తీసుకుపోతూ, ఊ అంటూనే తూలి, ఎదురుగా ఉన్న సాయిబులామె గాజుల బుట్ట మీద పడబోయాను. ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వు పండుకో చెల్లీ, నా గాజులన్నా మిగుల్తాయి. ఊ నేను కొడతా," అంది మెల్లగా.

"గొంతు గుర్తు పడుతుందక్కా."

"ఊకు గొంతేముండాది?"

అత్త నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మొదటి తిట్టు ముగిసేలోపే నేను నిద్రపోయాను.

ఎర్రగుంట్లలో గాజులామె నన్ను తట్టి లేపింది.

"మీ అత్త నీ పుట్టింటోళ్ళను శానా తిట్టింది. అన్నిటికీ ఊ అన్నా. ఏమనుకోబాక," అని చెవిలో చెప్పి దిగిపోయింది.

"ఈ పొద్దు బుద్ధిగా విన్నావే," అంది అత్త. పెళ్ళయినాక ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదలు.

ఊరికొచ్చాక రోజూ మధ్యాహ్నం పక్కింటి ముసలామెను అత్త దగ్గర కూర్చోబెట్టి, నేనో కునుకు తీసేదాన్ని. ముసలామెకు చెవుడు. అత్త పెదాలు ఆగినప్పుడల్లా ఊ అనేది. తిట్టు మాత్రం ఒక్కటీ తగిలేది కాదు.