శుక్రవారం పడే పేరు

దయ్యాలను నేను ఎన్నడు నమ్మలేదు. నమ్మేటట్టు చెప్పుడు మాత్రం నా పనే. కల్లు మండువల కూసుంటే నా తీరుగ దయ్యం కథ చెప్పేటోడు కోరుట్ల చుట్టుపక్కల లేడు. మిఠాయి చేసేటోనికి మిఠాయి మీద మనసు పోదు, గట్ల. ఈ ఒక్కటి మాత్రం ఏం కలుపకుండ రాద్దామని కూసున్న. చెయ్యి ఊరుకోక కలిపితే, నేనే ఒప్పుకుంట.

సిరిసిల్లల నేను సాంచెలు నడిపేటోన్ని. మరమగ్గాలను అక్కడ గట్లనే అంటరు. అవి బందైనంక కోరుట్లకొచ్చి బస్టాండు కాడ ఒక ఇంటర్నెట్ సెంటర్ల కుదిరిన. తలుపు తీసుడు, ఊడ్సుడు, వచ్చినోళ్లను కూసుండబెట్టుడు. చూసి చూసి నాకూ కంప్యూటర్ వచ్చింది. మా తమ్ముడు మల్లేశం మేడిపల్లి దిక్కు కల్లు గీసేటోడు. కాలం కాక తాటిచెట్లు ఎండినయి. వాడు దుబాయ్ పోయిండు.

అప్పుడే కొత్తగ ఒక సైటు వచ్చింది. పేరెందుకు, ఇప్పుడది లేదు. అండ్ల మన పేరు పెట్టుకోవాలె, ఫోటోలు పెట్టుకోవాలె, తెలిసినోళ్లు వచ్చి చూసి నాలుగు మాటలు రాసి పోతరు. దుబాయ్ పోయినోళ్లకు శుక్రవారం సెలవు. ఆ రోజు మా సెంటర్ల కుర్చీ దొరకకపోయేది. బీడీలు చేసే చాటలు ఇంట్ల పెట్టి ఆడోళ్లు వచ్చి నిలబడేటోళ్లు.

"నా ఫోటో నల్లగ కొట్టిందేందే అన్నా?"

"కంప్యూటర్‌కు అబద్ధమాడరాదు చెల్లె, నాకైతే వచ్చు" అంటే తిట్లు తినేది.

మా మల్లేశానికి రాయరాదు, చదువరాదు. ఫోన్‌ల బిడ్డ గొంతు వింటే ఏడుపొస్తదని ఎప్పుడో గాని చెయ్యకపోయేటోడు. వాని రూమ్‌ల రుద్రంగి గంగాధర్ అని ఒకాయన ఉండె. ఆయనే వానికి ఖాతా తెరిచిండు. ప్రతి శుక్రవారం ఆయన తెరిచి కూసుండబెడితే, మల్లేశం నా పేజీకొచ్చి బిడ్డ స్రవంతి ఫోటోలు చూసి పోయేటోడు.

ఆ సైటుకు ఒక గుణముండె. మన పేజీ ఎవరు చూసి పోయినా వాళ్ల పేరు మనకు పక్కన పడేది. మల్లేశం అని పేరు పడ్డదంటే వాని పాణం మంచిగున్నట్టు. మాకు అదే ఉత్తరం. స్రవంతి బడి నుంచి సీదా సెంటర్‌కే ఉరికొచ్చేది.

"పెద్దబాపు, బాపు వచ్చిండా?"

"వచ్చి పోయిండు బిడ్డ."

గంత మాటకే ఎగురుకుంట ఇంటికి పోయేది.

ఒక ఎండకాలం మల్లేశం కూలోళ్లుండే క్యాంపుల పడుకున్నోడు లేవలేదు. శవం పెట్టె ఊరికి చేరెదాక మేం పడ్డ తిప్పలు రాయను. పెట్టె వెంట గంగాధరే వచ్చిండు.

మూడోనాడు పిట్టకు పెట్టినం. సచ్చిపోయినోళ్లకు ఇష్టమైనయి వండిపెట్టి కాకి కోసం చూస్తం. కాకి ముట్టలేదంటే పోయిన మనిషి మనసుల ఏదో పెట్టుకున్నట్టు. అప్పుడు ఒక్కొక్కరు మాట ఇయ్యాలె. "బిడ్డను సదివిస్తనయ్యా, రా" అన్నది మా మరదలు. "నేనున్న, నువ్వు పైలంగ పో" అన్న నేను. కాకి రాలేదు. అప్పుడు స్రవంతి ముందుకొచ్చింది.

"బాపు, పచ్చ లంగ ఫోటో నువ్వు చూడలేదు. పెడ్త, చూసి పో."

ఆ మాటకు కాకులు గుంపుగ దిగినయని మండువల ఎన్నిసార్లు చెప్పిన్నో. అబద్ధం. ఒక్క కాకి గూడ రాలేదు. పొద్దు వాలెదాక చూసి, ఆ మెతుకులు ఆవుకు పెట్టి ఇంటికొచ్చినం.

పిల్ల మాట ఇచ్చింది గద, తెల్లారి ఆ ఫోటో నా పేజీల పెట్టిన. శుక్రవారం పొద్దున, జనం రాకముందు తెరిచి చూస్తే పక్కన వాని పేరు. మల్లేశం.

కరెంటు పోయి వచ్చిందని, కల్లు వాసన గుప్పుమన్నదని, "బిడ్డా, లంగ మంచిగున్నది" అని రాసి పోయిండని చెప్పేటోన్ని. అవన్నీ నేను కలిపినయి. పంక తిరుగుతున్నది, బయట బస్సు హారన్ కొడుతున్నది, పేరు పడ్డది. గంతే.

ఉరికి పోయి పిల్లను తోలుకరావద్దా? ఆ పేరు దిక్కు చూసుకుంట కుర్చీలనే కూసున్న. ఆ సైటు కడపటి నాలుగు పేర్లే చూపెట్టేది. బడి విడిచెసరికి వేరేటోళ్ల పేర్లు మీదవడి వాని పేరు పోయింది. చూసినోన్ని నేనొక్కన్నే.

గంగాధర్‌ను అడిగిన. పాస్‌వర్డ్ ఆయనకు తప్ప ఎవ్వరికి తెల్వదు. "పెట్టె దిగినకాడి నుంచి రుద్రంగిలనే ఉన్న కాకా. నేనెక్కడ తెరుస్త?" అని వాళ్లమ్మ మీద ఒట్టు పెట్టుకున్నడు. సెంటర్ సేటు, మిషన్ గడ్‌బడ్ అయి ఉంటదన్నడు. అయ్యుండొచ్చు. గని ఆ పేరు మీదనే, ఆ వారమే ఎందుకు కావాలె?

మళ్ల ఎన్ని ఫోటోలు పెట్టినా ఆ పేరు పడలేదు. జనం ఇంకో సైటుకు పోయిండ్రు, ఆ వెనుక అందరి చేతులకు ఫోన్లొచ్చినయి. శుక్రవారం గూడ కుర్చీలు ఖాళీ. పాత పేజీలు తెరిస్తే వలసపోయిన వాడ తీరుగుండె, రాతలున్నయి గని మనుషులు లేరు. సెంటర్ పోయి అక్కడ చెప్పుల దుకాణం పడ్డది. కడకు సైటే బంద్ చేస్తున్నమన్నరు.

స్రవంతి అప్పుడు జగిత్యాలల నర్సింగ్ సదువుతున్నది. వార్త విని బస్సెక్కి వచ్చింది. ఫోన్‌ల నా పేజీ తెరిపిచ్చి, పచ్చ లంగ ఫోటో మీద వేలు పెట్టి కూసున్నది.

"బాపు ఏం రాసిండో ఒక్కసారి చెప్పు పెద్దబాపు."

చిన్నప్పటి నుంచి అడిగినప్పుడల్లా ఒక మాట పెంచి చెప్పిన. ఆనాడు పెంచబుద్ధి కాలేదు.

"ఏం రాయలేదు బిడ్డ. వానికి రాయరాదు గద."

"ఎరుకే. పాస్‌పోర్టు మీద బాపు వేలిముద్ర ఎప్పుడో చూసిన. నువ్వు చెప్తుంటే బాపు సదువుకున్నోడు అయ్యేటోడు, అందుకే అడిగేది." ఫోటో మీదికెళ్లి వేలు తీసింది. "మరి పేరు? అది గూడ కలిపినవా?"

"లేదు బిడ్డ."

నా మొఖం దిక్కు చూసింది. నమ్మిందో లేదో తెల్వదు. చూపెడదామంటే ఆ పేరు ఎప్పుడో పోయింది. కొన్నొద్దులకు పేజీ గూడ పోయింది. మిగిలింది నా నోటి మాట. దాని విలువ ఊరందరికి ఎరుకే.

ఆ శుక్రవారం ఎవరు తెరిచిండ్రో, ఎట్ల తెరిచిండ్రో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. పేరైతే పడ్డది. దీంట్ల నేనేం కలుపలేదు.