కింద వినపడుతోందా?

మా ఆయన స్పీకర్ల మోత తట్టుకోలేక బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్ అమ్మాయి ఇల్లు వదిలి పోయిందని కెనడాలోని మా కేంబ్రిడ్జ్ తెలుగువాళ్లు చెప్పుకుంటారు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటూ నా ముందే చెబుతారు, ఆయన వైపు కాస్త చిరాగ్గా చూస్తూ. నాకు ఒళ్లు మండుతుంది. ఆ మనిషికి అంత చేతనవుతుందా? ఆయన కొన్నది ఒక డబ్బా. అందులో ఏం మోగాలో, ఎప్పుడు మోగాలో, ఎంత లోతున మోగాలో తేల్చింది నేను. పైగా ఆ అమ్మాయి మోత తట్టుకోలేక పోయిందనడం శుద్ధ అబద్ధం. వెళ్లిపోయే రోజు దాకా ఆమెకు ఏమీ వినపడలేదు. ఆ మాట ఆమే నా మొహం మీద చెప్పింది, ఒకసారి కాదు.

స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా వీధిలో ఖాళీ బేస్‌మెంట్ అన్నదే లేదు. మా దగ్గరకు వచ్చినమ్మాయిది నరసాపురం వైపు. అంతకుముందు ఒక హాల్లో అయిదుగురితో కలిసి, మధ్యలో దుప్పట్లు కట్టుకుని ఉండేదట. గది చూపించినప్పుడు కిటికీ చూడలేదు, బాత్రూమ్ చూడలేదు. “తలుపు ఉంది కదా ఆంటీ, చాలు” అంది. వారంలో రెండు రోజులు కాలేజీ, రాత్రుళ్లు వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేసే పని. పొద్దున ఏడున్నరకు వచ్చి మధ్యాహ్నం రెండింటి దాకా నిద్రపోయేది. మొదటి రోజే చెప్పాను, నాకు ఫిర్యాదులు గిట్టవని. ముందున్న అమ్మాయి హీట్ చాలట్లేదని రెండు మెసేజ్‌లు పెట్టింది. మూడోది పెట్టే అవకాశం నేనివ్వలేదు. ఈ సంగతి కూడా చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

ఆ శీతాకాలం మా ఆయన లోతు మోతలు మాత్రమే పలికే సబ్ వూఫర్ స్పీకర్ కొన్నాడు. మా బియ్యం డ్రమ్ముకు నల్లరంగు వేసి లివింగ్ రూమ్ మూలన నిలబెట్టినట్టుండేది. దాన్ని పరీక్షించడానికి ఆయన స్నేహితుడొకాయన శనివారం పొద్దున గంటకు పైగా దూరంలో ఉన్న ఏజాక్స్ ఊరి నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. చెవులు తనకొక్కడికే ఉన్నాయనుకునే రకం. వస్తూనే ఫోన్ కలిపి ఏదో సినిమా డాన్సు పాట పెట్టాడు. వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

“విన్నావా చెల్లెమ్మా? గ్లాసులు స్టెప్పులేస్తున్నాయి. అదీ బేస్ అంటే.”

“అది బేస్ కాదన్నయ్యగారూ, మా స్టాండు స్క్రూ లూజు. మీ ఇంట్లో తలుపు గడియ కొట్టుకున్నా బేసే అంటారేమో.”

“సరే, ఏది బేసో నువ్వే చెప్పు. ఫిజిక్స్ మేడమ్‌వి కదా.”

మనవాళ్లందరిదీ ఇదే పొరపాటు. పెళ్లి డీజేలో గుండె మీద గుద్దినట్టయితే, ఇంట్లో సామాను మోగితే, అదే బేస్ అనుకుంటారు. ఆ గుద్దు చవక డబ్బా కూడా గుద్దుతుంది. అసలైన లోతు చెవికి అందీ అందనట్టుంటుంది, అరికాలికి ముందు తెలుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఎగిరిపడే పాటలు పనికిరావు. ఒకే అట్టడుగు స్వరం మీద చాలాసేపు నిలబడే సంగీతం కావాలి, దాని పక్కన ఇంకేమీ లేని ఖాళీ కావాలి. అందుకని నేను ఒక పాత చర్చిలో రికార్డు చేసిన ఆర్గన్ అనే గొట్టాల వాద్యం ఎంచాను. రెండంతస్తుల ఎత్తు గొట్టం పలికే స్వరం. గ్లాసులు కదల్లేదు. ఏజాక్స్ పెద్దమనిషి పెదవి విరిచాడు.

“ఏదమ్మా? ఏమీ లేదే.”

సోఫాలో కూర్చుంటే ఏముంటుంది? అలాంటి స్వరం గది మధ్యలో పలచబడుతుంది, మూలల్లో చిక్కబడుతుంది, నేలలోంచి కిందికి దిగుతుంది. నాకు కింద ఒక సాక్షి ఉంది. బేస్‌మెంట్ తలుపు తీసి కేకేశాను.

“అమ్మాయ్, కింద వినపడుతోందా?”

ఆ పిల్ల సగం మెట్ల దాకా వచ్చింది. చెంప మీద దిండు ముడత అలాగే ఉంది. ఆర్గన్ ఇంకా మోగుతూనే ఉంది. ఆమె పట్టుకున్న రెయిలింగ్ సన్నగా వణుకుతోంది.

“లేదు ఆంటీ. ఏం వినపడట్లేదు. నాకేం ఇబ్బంది లేదు.”

“ఫిజిక్స్ ఫెయిల్,” అన్నాడు ఏజాక్స్ మనిషి. మా ఆయన కూడా నవ్వాడు.

ఆమె అబద్ధమాడుతోందని నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని ఎప్పుడూ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పను. ఒక్కసారి “వినపడుతోంది ఆంటీ” అంటే నా మాట నిలబడేది, నేను డబ్బా కట్టేసేదాన్ని. ఆమె అనలేదు. సరే, అనిపిస్తాను అనుకున్నాను.

తర్వాతి శనివారం ఉరుముల వాద్యం పెట్టాను. అనంతపురం వైపు జాతరల్లో వాయించే డోలు అది, పుల్లతో చర్మం మీద రాస్తే ఏదో పెద్ద జంతువు మూలిగినట్టుంటుంది. ఎవరో మంచి మైకులతో రికార్డు చేశారు. ఆ పై వారం, గంట కొట్టాక చివర మిగిలే మోతను మాత్రమే సాగదీసిన సంగీతం. పది గంటలకు మొదలుపెట్టి పన్నెండు దాకా. డబ్బాను కూడా జరిపాను, సరిగ్గా ఆమె మంచం ఉన్న మూలకు పైన ఉండేలా.

“పాపం, పడుకునే పిల్ల. వదిలెయ్యరాదా?” అన్నాడు మా ఆయన.

“వినపడట్లేదంటోందిగా. వినపడని దానికి నిద్రెలా చెడుతుందండీ?”

ఆయన కాఫీ కప్పు తీసుకుని పక్క గదిలోకి పోయాడు. ఎప్పుడూ అంతే.

ప్రతి శనివారం బట్టలు ఉతుక్కోవడానికి ఆమె పైకి వచ్చినప్పుడు అడిగేదాన్ని. ఆమెది ఒకటే నవ్వు, ఒకటే మాట. మూడో వారానికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఉతికిన బట్టలు తీసి మళ్లీ అదే మెషీన్‌లో వేసి సబ్బుపొడి పోసింది. చూస్తూ నిలబడ్డానే గాని చెప్పలేదు.

“నిద్ర పట్టిందా?”

“బాగా పట్టింది ఆంటీ.”

“అబద్ధమాడాలంటే ముందు మొహం కడుక్కుని రావాలమ్మా.”

“నిజం ఆంటీ. మీ ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంటుంది.”

ప్రశాంతమట. ఆ మాటకు నేను సాయంత్రం దాకా ఉడికిపోయాను. నాలుగో శనివారంతో పాటు ఆదివారం కూడా పెట్టాను.

ఆ వారం మధ్యలో రెండు సూట్‌కేసులు మెట్ల మీదికి లాక్కొచ్చింది. స్నేహితురాలి దగ్గరకు వెళుతోందట. మళ్లీ ఆ హాలు, ఆ దుప్పట్ల గోడలు.

“పనికి దగ్గరా?” అన్నాను.

“పని పోయింది ఆంటీ. స్కానర్ చేతిలో పెట్టుకుని నిలబడే నిద్రపోయానంట. శని, ఆదివారం రాత్రుళ్లు, రెండు సార్లు. ఇంక రావద్దన్నారు.”

మామూలు మనిషైతే అక్కడ నోరు మూసుకునేది. నేను అడిగాను.

“ఇప్పుడైనా చెప్పు. కింద వినపడేదా, లేదా?”

ఆమె బూట్ల లేసు కట్టుకుంటూ ఆగింది. తలెత్తి నన్ను తాపీగా చూసింది. ఆ నవ్వు ఈసారి లేదు.

“లేదు ఆంటీ. ఒక్క రోజు కూడా వినపడలేదు.”

ఆమెను తీసుకెళ్లిన కారు మలుపు తిరిగాక గది ఊడ్చడానికి కిందికి దిగాను. మంచం మూలన లేదు, గది నడుమకు వచ్చింది. నేల మీద కాళ్ల గీతలు మూడు చోట్ల ఉన్నాయి. ఒక చోట పెట్టి చూసి, చాలక ఇంకో చోటికి లాగి, చివరకు ఎక్కడ మోత అతి తక్కువో అక్కడ ఆపింది. నేను డిగ్రీ చదివి నేర్చుకున్నది ఆమె ఒళ్లు నొప్పులతో కనిపెట్టింది. పైన సీలింగ్ పలకలకూ ఇనుప చట్రానికీ మధ్య, సందు సందుకూ, గ్రోసరీ కొట్ల ఫ్లయర్ కాగితాలు సన్నగా మడిచి దూర్చి ఉన్నాయి, పలకలు కొట్టుకోకుండా. గూట్లో స్టీలు గ్లాసు మేజోడులో చుట్టి ఉంది.

మా ఆయన్ను కేకేసి ఆర్గన్ పెట్టమన్నాను. ఆ మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. గదిలో ఏదీ మోగలేదు, అంత బాగా బిగించింది. చప్పుడంటూ లేదు. పక్కటెముకల లోపల ఎవరో బల్ల జరుపుతున్నట్టు, ఆగకుండా, ఒకటే ఒత్తిడి. పళ్లు బిగుసుకున్నాయి. నేను ఎంచిన అన్నిట్లోకీ గొప్ప బేస్ అది. నాలుగు నిమిషాలు ఉండి పైకి వచ్చేశాను.

“కింద వినపడిందా?” అన్నాడు మా ఆయన.

నేను డబ్బా కట్టేశాను. ఆ డబ్బా ఇంకా ఆ మూలే ఉంది. ఊళ్లో వాళ్లు ఇంకా ఆయన్నే అంటున్నారు, అననీ. ఆ పిల్ల ఇప్పుడు వాంకూవర్‌లో ఉందని ఎవరో చెప్పారు. నాకు తెలియాల్సింది ఒకటే. మొదటి రోజు లేదన్నది ఆ తలుపున్న గది పోతుందన్న భయంతో, అది నాకు అర్థమైంది. గది, పని, రెండూ పోయి, సూట్‌కేసులు గుమ్మంలో పెట్టుకుని, నా వల్ల ఇక పోగొట్టుకునేది ఏదీ లేనప్పుడు కూడా లేదని ఎందుకంది?