దారం దారానికి తగిలితే

నా భార్య మీద నాకు కుళ్లు పుట్టింది ఒక ఆదివారం పొద్దున ఏడున్నరకు, కోకాపేట అవతల, ఇంకా ఎవరూ పునాది తవ్వని ఒక ఖాళీ జాగాలో. అప్పటికి మా పెళ్లయి పదహారేళ్లు. ఆమె మీద కోపం వచ్చిన రోజులున్నాయి, విసుగొచ్చిన రోజులున్నాయి. కుళ్లు మాత్రం అదే మొదటిసారి. అదెలా ఉంటుందో తెలియదు కాబట్టి, పొద్దున తిన్న ఇడ్లీ అరగలేదేమో అనుకున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది కొత్తగూడలో. ఇప్పుడు ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగే చోట మాకు తెలిసినవాళ్ల పెంకుటిళ్లుండేవి. పతంగుల్లో మా గల్లీలో నన్ను కొట్టేవాడు లేడు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కావాలంటే మా గల్లీ వాళ్లను అడగండి. నా దారం ఎదుటివాడి దారానికి తగిలితే, దాన్ని మేం పేంచ్ అంటాం, ఇక వాడి పతంగి తెగి గాలికి పోవాల్సిందే. తెగగానే డాబాల మీదున్న వాళ్లంతా "అఫా!" అని ఒక్క గొంతుతో అరిచేవారు. ఆ అరుపు కోసం అన్నం మానేసి ఎండలో నిలబడినవాణ్ణి నేను. ఇప్పుడు ఒక ఐటీ బిల్డింగ్‌లో ఏసీలు, లిఫ్టులు, కరెంటు చూసుకునే సూపర్‌వైజర్ని. లిఫ్టు ఆగిపోతే తప్ప అక్కడ నా కోసం ఎవరూ అరవరు.

ఆ ఖాళీ జాగాలో ఆదివారాలు కొందరు కొత్తరకం గాలిపటాలు ఎగరేస్తున్నారని మా బిల్డింగ్‌లో ఒకాయన చెబితే చూడ్డానికి వెళ్లాను. మన పతంగిలాగా కాగితమూ పుల్లలూ కాదు. రెక్కలు చాచిన త్రికోణం గుడ్డ, మనిషంత వెడల్పు. రెండు దారాలు, రెండు చేతులకు రెండు పట్టీలు. కుడి చెయ్యి లాగితే కుడికి తిరుగుతుంది, ఎడమ లాగితే ఎడమకి. గాల్లో గిరగిరా చక్రాలు కొట్టి, నేలకు జానెడు ఎత్తులో దూసుకుపోయి, చెప్పినట్టు ఆగుతుంది. వాళ్లకు పెద్ద దిక్కు ఒక రిటైర్డ్ ఇంజినీరు, గోదావరి వైపు మనిషి. అందరూ ఆయన్ని మాస్టారు అంటారు.

"పట్టుకుంటారా అండీ?" అని ఆయన పట్టీలు నా చేతికిచ్చారు.

"నాకా సార్? నేను పుట్టిందే పతంగి పట్టుకొని" అన్నాను.

గాలిపటం లేచింది, పక్కకు ఒరిగింది, నేల వైపు తిరిగింది. పతంగి అలా ఒరిగితే మేం చేసేది ఒక్కటే, ఢీల్ ఇస్తాం, అంటే వేళ్లు వదులు చేసి దారాన్ని పోనిస్తాం. నా వేళ్లు నన్ను అడగకుండానే తెరుచుకున్నాయి. పట్టీలతో సహా మొత్తం ఎగిరిపోయి సిమెంటు కలిపే లారీ మీద పడింది. ఆ లారీ డ్రైవర్ దిగి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మాస్టారు మాత్రం నవ్వి, "పతంగులవాళ్లకి మొదట్లో ఇదే అలవాటండీ, పోతుంది" అన్నారు.

పోలేదు. నెల గడిచినా పోలేదు. వారం వారం వెళ్లి, వారం వారం మట్టిలో గుచ్చి వచ్చేవాణ్ణి. లేపేటప్పుడు అవతలి చివర గాలిపటాన్ని నిలబెట్టి పట్టుకునే మనిషి ఉంటే బాగుంటుందనిపించి, ఒక ఆదివారం మా ఆవిణ్ణి తోలుకుపోయాను. ఆమెది మెదక్ వైపు ఊరు. ఐటీ వాళ్ల చంటిపిల్లల్ని చూసుకునే డేకేర్‌లో ఆయాగా పనిచేస్తుంది. ఆమెకు సెలవు దొరికేది ఆ ఒక్క ఆదివారమే, అది కూడా నా కోసం ఎండలో నిలబడి, నేను అరిచినప్పుడు వదిలేది, పడ్డప్పుడు పరుగెత్తుకెళ్లి లేపేది.

"మేడమ్, మీరూ ఒకసారి చూడండి" అన్నారు మాస్టారు, ఊరికే మర్యాదకు.

ఆమె చున్నీ నడుముకు బిగించి, చెప్పులు విడిచి, పట్టీలు తొడుక్కుంది. చిన్నప్పుడు వాళ్ల అన్నలకు దారం చుట్టిన చర్ఖా పట్టుకుని నిలబడటమే తప్ప దారం ఒక్కసారి కూడా చేతికివ్వలేదట. గాలిపటం లేచింది. కుడికి ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకోటి. దారాలు రెండూ మెలిపడిపోయాయి.

"చుట్టుకున్నయ్! వదులు, వదులు!" అని కేక పెట్టాను.

"ఎందుకు వదులుడు?" అని ఆమె తాపీగా ఎడమకు మూడు చుట్లు తిప్పింది. మెలి విడిపోయింది. తర్వాత దాన్ని మెల్లగా పక్కకు తెచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద దించింది. అందరూ చప్పట్లు కొట్టారు. మొదట చెప్పిన ఇడ్లీ అరగకపోవడం అప్పుడే.

ఇక అక్కణ్ణుంచి నా బతుకు చూడాలి. పైకి నవ్వుతూ లోపల ఉడికిపోయేవాణ్ణి. ఆమె బాగా ఎగరేస్తే "గాలి మంచిగుంది ఇయ్యాల" అనేవాణ్ణి. నేను పడేస్తే "గాలి ఖరాబుంది" అనేవాణ్ణి. ఐదు నిమిషాల తేడాలో ఒకే గాలి! ఇంట్లో బాల్కనీ గ్రిల్లుకు రెండు తాళ్లు కట్టుకుని ఆమె చేతులు తిప్పడం సాధన చేస్తుంటే, పప్పు అడుగంటిందని ఎగిరిపడ్డాను. పప్పు అడుగంటలేదు. మూత తీసి చూసి కూడా అలాగే అన్నాను. మాస్టారు ఒకసారి "ఆవిడ చేతులకు పాత అలవాట్లు లేవండీ, అదే అదృష్టం" అంటే, నా పాతికేళ్ల విద్యను చెత్తబుట్టలో పారేసినట్టయి ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆమెకు ఇవేవీ పట్టలేదు, లేదా పట్టనట్టుంది. ఒకరోజు బండి మీద తిరిగొస్తుంటే వెనక నుంచి, "ఇంత వయసొచ్చింది, నాకు ఇది వచ్చు అని చెప్పుకునేటందుకు ఏదీ లేకుండె. వంట అందరికి వస్తది. పిల్లల్ని పట్టుకునుడు అందరికి వస్తది. గిది మాత్రం నాకు వస్తది" అంది. సంతోషం ఆమె గొంతులో దాగడం లేదు. నేను హెల్మెట్‌లో వినపడనట్టు ఊరుకున్నాను.

ఇంతలో అసలు విషయం వచ్చింది. జనవరిలో పెద్ద మైదానంలో గాలిపటాల ప్రదర్శన ఉందనీ, అందులో ముగ్గురు కలిసి వరసగా ఎగరేస్తారనీ మాస్టారు చెప్పారు. ముగ్గురిలో ఒకతనికి పుణెకు బదిలీ అయింది. "ఒక చోటు ఖాళీ ఉంది. ఆలోచించి చెప్తాను" అన్నారు. మా ఆవిడ ఆ మాట విని పట్టీలను చేతిలో గట్టిగా నొక్కుకోవడం చూశాను. నేను కూడా అదే చోటు కోరుకుంటున్నానని ఆమెకూ తెలుసు. వేలమంది జనం, మైకు, చప్పట్లు. నాకు మళ్లీ "అఫా" వినిపించినంత పనైంది.

గురువారం సాయంత్రం మాస్టారు నా ఫోన్‌కు చేశారు. "ఆదివారం ఆరున్నరకే మేడమ్‌ని తీసుకురండి. మా ఇద్దరితో కలిపి ఎగరేయించి చూస్తాం. కుదిరితే ఆ చోటు ఆవిడకే. మీరూ రండి, గాలిపటం పట్టుకోడానికి మనిషి కావాలిగా."

పట్టుకోడానికి మనిషి! ఒళ్లు మండిపోయింది. "సరే సార్" అని పెట్టేశాను.

"ఎవరు?" అంది ఆమె, తోటకూర తెంపుతూ.

"జీడిమెట్ల నుంచి. మోటరు పార్టు గురించి" అన్నాను.

శుక్రవారం చెప్పలేదు. శనివారం సాయంత్రం ఆమె అడిగింది: "రేపు మామూలు టైమేనా?"

"రేపు లేదట. నాకు బిల్డింగ్‌ల షట్‌డౌన్ పని పడ్డది."

ఆమె నా ముఖం కేసి కాసేపు చూసి, "అట్లనా" అంది. ఇంకేమీ అడగలేదు. బతికిపోయాను అనుకున్నాను.

ఆదివారం ఆరున్నరకు నేనొక్కణ్ణే వెళ్లాను. మాస్టారు నా వెనక్కి చూశారు. "మేడమ్ రాలేదేమండీ?"

"జొరం సార్. మంచం దిగుతలేదు."

"అయ్యో, అలాగా?" అన్నారు. ఆ "అలాగా"లో ఏదో ఉంది, నేను పట్టించుకోలేదు. ఆమె బదులు నేనుంటానని, నెల రోజుల నుంచి నా చెయ్యి కుదిరిందని బతిమాలాను. ఆయన కాదనలేక పట్టీలిచ్చారు.

నిజం చెప్పాలంటే, మొదటి ఐదు నిమిషాలు బాగానే ఎగరేశాను. మూడు గాలిపటాలు వరసగా అటు పోయి, వరసగా ఇటు వచ్చాయి. "ఇప్పుడు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయండీ. దారాలు ఒకదానికొకటి తగులుతాయి. కంగారు పడకండి, నున్నటి దారాలు, వాటంతట అవే జారతాయి. మీరు లాగకండి" అన్నారు మాస్టారు.

లాగకూడదని నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది. కానీ ఆయన దారం నా దారానికి తగిలి ఆ సన్నటి జివ్వుమనడం మణికట్టులోకి వచ్చేసరికి, నేను నలభై మూడేళ్ల సూపర్‌వైజర్ని కాకుండా పోయాను. మోచేతులు వెనక్కి పోయాయి. ఒక్క ఈడ్పు, రెండో ఈడ్పు. మాస్టారి గాలిపటం గిర్రున తిరిగి, తలకిందులుగా కంకర కుప్ప మీద పడి, లోపలి కడ్డీ ఫట్‌మంది. అంతటితో ఆగినా బాగుండేది. నా నోరు నా మాట వినకుండా ఆకాశం కేసి తెరుచుకుని, "అఫా!" అని అరిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు విరిగిన కడ్డీని చేతిలో పట్టుకుని, "ఇక్కడ దారాలు కోసుకోవడాలుండవండీ" అన్నారు, చాలా మర్యాదగా. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. పట్టీలు విప్పి ఇస్తుంటే, "మేడమ్‌కి తగ్గాక పంపండి. అప్పటిదాకా ఆ చోటు అలాగే ఉంచుతాను" అన్నారు. అప్పుడు కూడా, అంత సిగ్గులో కూడా, చోటు ఆమెకు మిగిలే ఉందని నాకు కడుపు మండింది.

ఇంటికొచ్చేసరికి ఆమె ముందుగదిలో నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"అయ్యిందా షట్‌డౌన్?"

"అయ్యింది."

"బిల్డింగ్‌ల గంత ఎర్రమట్టి ఉంటదా?" అంది నా బూట్ల వైపు చూస్తూ.

ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"గురువారం సార్ మొదలు పొద్దుగాలనే చేసిండు. నువ్వు స్నానం చేస్తుంటివి, నేనే ఎత్తిన. అంత చెప్పిండు. నేనే అన్న, సార్, జర సాయంత్రం మళ్ల చేసి మా ఆయనకే చెప్పుండ్రి, నాకు చెప్పినట్టు అనకుండ్రి అని."

"ఎందుకట్ల?"

"నీ నోట వినాలని. నువ్వు సంబురంగా వచ్చి చెప్తవేమో అనుకున్న. గురువారం చూసిన, శుక్రవారం చూసిన. నిన్న నేనే అడిగి కూడ చూసిన."

నేను వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను: "ఆ జాగ నీకే ఉంచిండట. తగ్గినంక పంపమన్నడు."

"ఏం తగ్గినంక?"

"జొరం. నీకు జొరమని చెప్పిన."

ఆమె బట్టలు పక్కకు జరిపి, మోకాళ్ల మీద నా దగ్గరికి వచ్చింది. నా కుడి చెయ్యి పట్టుకుని, అరచేతిని తన నుదుటి మీద ఆనించుకుంది.

"సూడు," అంది. "ఉన్నదా?"

"లేదు" అన్నాను.