దండోర తీసిన రోజు

ఆర్మూరులో అంబేడ్కర్ జయంతి జరిపే కమిటీకి నేను పదేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. పేరు దేవిదాస్, పని బడిపంతులు. ఏటా ఏప్రిల్ పద్నాలుగున, హక్కు కోసం నిలబడిన మనిషినొకరిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం మా ఆనవాయితీ. పిలిస్తే రానివారు లేరు. పిలవకపోతే అలిగినవారు చాలామంది ఉన్నారు. శాలువా నాకొద్దని మొహం మీదే చెప్పింది మాత్రం ఒక్కరే. ఆమె భీమవ్వ, పసుపు మార్కెట్‌లో చాట పట్టి చెరిగే కూలీ.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నూరేళ్ల జయంతి, 1991. ఊరంతా తోరణాలు కట్టాం. జిల్లా నుంచి పెద్దలను పిలిచాం. ఏరికోరి ఒక కూలీ మనిషిని గౌరవిద్దామని నేనే పట్టుబట్టి అందరినీ ఒప్పించాను. ఆమె పసుపు చేతులు దులుపుకుంటూ నా వైపు సరిగ్గా చూడనైనా లేదు.

"ఎండకాలంల శాలువ ఏం జేస్కోవాలె తమ్మీ" అంది. "నా మీద పడ్డ దండోర ఇంక గట్లనే ఉన్నది. అది తియ్యుండ్రి. అటెన్క ఏం కప్పుతరో కప్పుండ్రి."

ఆ దండోర సంగతి చెప్పాలంటే ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. భీమవ్వది నందిపేట్ దారిలో ఒక పల్లె. ఊరి పేరు రాయను. అక్కడ ఇప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు, వాళ్లకు ఆ మచ్చ ఎందుకు. ఆ ఊరి దండోర భీమవ్వ పెనిమిటి సాయిలు ఇంటిది. తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు, తర్వాత సాయిలు. చెరువు తూము ఎత్తినా, బర్రె తప్పిపోయినా, పోచమ్మ పండుగ పెట్టుకున్నా సాయిలు డప్పు మీద వాడవాడకూ చెప్పాల్సిందే. దానికొక పద్ధతి ఉంది. చాటేవాడు తన సొంత మాట కలపకూడదు. అంతా చెప్పాక, ఆ మాట ఎవరిదో చివర్లో చెప్పాలి. ఇది పట్వారి మాట, ఇది ఊరి కమిటీ మాట, అని. మాట ఎవరిదో చెప్పకపోతే ఆ దండోర చెల్లదు.

1984లో పసుపు తవ్వకాలప్పుడు గ్రామ కమిటీ పెద్దమనుషులు ఒక కట్టడి చేశారు. ఊరి పసుపు తవ్వి, ఉడికించి, ఎండబోసేదాకా కూలీలెవరూ పొలిమేర దాటి పనికి పోకూడదు. ఆర్మూరు మార్కెట్‌లో కూలి ఎక్కువ. భీమవ్వ ఎనిమిది మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని తెల్లవారే సరికి ఆర్మూరులో దిగింది. మర్నాడు కమిటీ పెద్ద గంగాకిషన్ అందరినీ పిలిపించి తప్పు, అంటే జరిమానా, కట్టమన్నాడు. ఎనిమిది మందీ తలవంచి కట్టారు. భీమవ్వ కట్టలేదు.

"నా రెక్కలు కమిటీయి గావు" అంది. "నా ఇంట్ల పొయ్యి వెలగాలంటే ఏడికి పోవాల్నో నాకెరుక."

ఆ సాయంత్రమే సాయిలును పిలిచి, చాటవలసింది చెప్పారు. అది తన ఇంటినే వెలివేసే కట్టుబాటు. కాదనడం ఆ మనిషికి తెలియదు. పుట్టాక ఎవరికీ కాదని చెప్పినవాడు కాదు. డప్పు కాపుకుని వాడవాడా తిరిగాడు. "ఇనుండ్రి ఊరోళ్లారా. సాయిలు ఇంటోళ్లతోని ఎవ్వలు మాట్లాడద్దు, అగ్గియ్యద్దు, నీళ్లియ్యద్దు, పనికి పిల్వద్దు. ఇది కమిటీ మాట." మాదిగవాడలో తన గుమ్మం ముందు కూడా నిలబడి ఒక్క ముక్క మింగకుండా చెప్పాడు. గుమ్మంలో భీమవ్వ, వెనుక మంచం మీద సాయిలు తల్లి పోచవ్వ విన్నారు.

ఇక్కడ ఆ పెద్దమనుషుల తెలివి చూడండి. సాయిలుతో ఎవరూ మాట్లాడకూడదని చాటించారు సరే, మరి రేపటి నుంచి దండోర ఎవరితో వేయించాలి? ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. వారం తిరగకముందే చెరువు తూము ఎత్తే రోజు వచ్చింది. గంగాకిషన్ వచ్చి సాయిలు ఇంటి ఎదుట నిలబడి, అటువైపున్న మొండిగోడను చూస్తూ, "రేపు తూము ఎత్తుతున్నం, ఎవలన్న దండోర ఏస్తె మంచిగుంటది" అన్నాడు. సాయిలు అలవాటుగా డప్పు అందుకోబోయాడు. భీమవ్వ చేయి అడ్డం పెట్టింది.

"నీకు జెప్పిండా? గోడకు జెప్పిండు. గోడనే దండోర ఎయ్యనీ" అంది.

గోడ వేయలేదు. తూము నీళ్లు సగం మంది పొలాలకు అందకుండానే పోయాయి. ఊరు రెండు రోజులు నవ్వుకుంది, కమిటీకి వినబడకుండా.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. పోచవ్వ ఆ వేసవిలోనే చనిపోయింది. ఆ ఊళ్లో ఎవరింట చావైనా ముందు డప్పు కొట్టినవాడు సాయిలు. అతని తల్లికి భుజం పట్టడానికి పక్క గుమ్మం వాళ్లు కూడా రాలేదు. వస్తే వాళ్ల మీదా తప్పు పడుతుంది. భీమవ్వ ఆర్మూరుకు నడిచి వచ్చి, మార్కెట్ హమాలీలు నలుగురిని తీసుకుపోయింది. వాళ్లు మోశారు. డప్పు లేకుండానే పోచవ్వ పోయింది. ఆ రోజు సాయిలు డప్పును గోనెసంచిలో కట్టేశాడు. నెల తిరగకుండా మొగుడూ పెళ్లాలు ఆర్మూరుకు వచ్చి మార్కెట్ వెనుక గుడిసె వేసుకున్నారు. డప్పు చూరులోకి ఎక్కింది.

తర్వాత ఏళ్లలో ఆ ఊరివాళ్లు పసుపు అమ్మడానికి వచ్చి భీమవ్వతో మెల్లగా మాట కలిపారు. కట్టుబాటును అందరూ మరిచిపోయారు. కానీ తీసేసినట్టు ఎవరూ చెప్పలేదు. భీమవ్వకు కావలసింది అదే.

"డప్పు కొట్టి ఏసిండ్రు, డప్పు కొట్టి తియ్యాలె. గా వాడలల్లనే, నా పెనిమిటి నోటితోనే" అంది నాతో. "గా ముసల్ది ఒక్కతే పోయింది తమ్మీ. అది నేను మర్వ."

నేను పెద్ద తెలివైనవాణ్ణి కదా, సైకిలెక్కి నేరుగా గంగాకిషన్ దగ్గరికి పోయాను. మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ కూడా ఇప్పించాడు. "ఎప్పటి ముచ్చట సారూ. గిప్పుడు భీమవ్వతోని మాట్లాడంది ఎవలు? పాతయి తవ్వుకుంటే ఏమొస్తది, ఇడ్సిపెట్టుండ్రి" అన్నాడు. నిజమే అనిపించి తిరిగి వచ్చాను. భీమవ్వ చాట కింద పెట్టి నన్ను కడిగేసింది.

"నిన్ను ఎవలు అడగమన్నరు? ఏసెటప్పుడు నన్ను అడిగి ఏసిండ్రా?"

కమిటీని అడక్కుండానే పోయి తీయాలన్నది ఆమె ఉద్దేశం. అయినా అప్పటికి నా భయం నాది. ఆ ఊళ్లో అడుగుపెడితే గొడవవుతుందని మా జయంతి కమిటీలో సగం మంది అన్నారు. సభ పొద్దున ఆర్మూరులోనే పెట్టి, మధ్యాహ్నం ఇష్టమున్నవాళ్లు ఆమె వెంట పోవాలని తేల్చాం. పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇచ్చాం. ఒక కానిస్టేబుల్‌ను పంపుతామన్నారు.

సభ అయ్యాక ట్రాక్టర్ ట్రాలీలో నలభై మందిమి ఎక్కాం. ఒడిలో గోనెసంచి పెట్టుకుని భీమవ్వ ముందు కూర్చుంది. సాయిలు రానన్నాడు. "నా చేత గాదు" అని గుడిసెలోనే కూర్చున్నాడు. భీమవ్వ బతిమాలలేదు. "రాకుంటే పాయె, హమాలీ భోజన్న కొడ్తడు" అంది. ట్రాక్టర్ కదిలాక చూస్తే, ట్రాలీ వెనుక చివరన కాళ్లు వేలాడేసి సాయిలు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడెక్కాడో నేను చూడలేదు.

ఊళ్లో చావడి ముందు దిగాం. అరుగుల మీద జనం ఉన్నారు, గంగాకిషన్ కూడా తన అరుగు మీదే ఉన్నాడు. కానిస్టేబుల్ నీడ చూసుకుని కూర్చున్నాడు. ఏడేళ్లు మూతపడి ఉన్న డప్పు కదా, తోలు సడలిపోయింది. మంట మీద కాపితేగాని మోగదు. భీమవ్వ ఎండిన పసుపాకు నాలుగు పిడికిళ్లు పోగేసి నిప్పు పెట్టింది. భోజన్న మా కమిటీలో ఉషారైన హమాలీ. డప్పు పట్టుకుని మంట మీదికి వంచాడు. వాడికి బస్తాలు మోయడం తెలుసు, తోలు కాపడం తెలియదు. తోలు కమురు వాసన వచ్చింది.

"గట్ల గాదురా, పల్గుతది" అన్నాడు సాయిలు.

భోజన్న ఇంకొంచెం దగ్గరికి పెట్టాడు. సాయిలు గబగబా వచ్చి డప్పు లాక్కున్నాడు. మంటకు మూరెడు దూరంలో పట్టుకుని మెల్లగా తిప్పుతూ, మధ్య మధ్య వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడు. భీమవ్వ ఆకు వేస్తూ ఉంది. కాసేపటికి తోలు బిగిసింది. సాయిలు డప్పు భుజానికి తగిలించుకున్నాడు. పెద్ద కర్ర, సన్న పుల్ల రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కసారి కొట్టాడు. అరుగుల మీది జనం లేచి నిలబడ్డారు.

చావడి నుంచే మొదలుపెట్టాడు. గొంతు తొలిమాటకు బొంగురుపోయింది, తర్వాత సరైంది. "ఇనుండ్రి ఊరోళ్లారా. సాయిలు ఇంటి మీద ఏసిన కట్టుబాటు తీసేసినం. మాట్లాడచ్చు, అగ్గియ్యచ్చు, నీళ్లియ్యచ్చు, పనికి పిల్వచ్చు." అక్కడ ఆగిపోయాడు.

మాట ఎవరిదో చెప్పాలి. ఇంత దూరం వచ్చాం కానీ ఈ సంగతి మా నలభై మందిలో ఒక్కరం ఆలోచించలేదు. ఊరి కమిటీ తీయమని చెప్పలేదు. లేని మాటను కమిటీది అని సాయిలు చెప్పడు, జన్మలో చెప్పలేదు. అందరూ గంగాకిషన్ వైపు చూశారు. అతను తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు.

సాయిలు ఆ అరుగు వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. పుల్ల ఎత్తి, ఒకసారి తట్టి, ఊరంతా వినేలా అన్నాడు.

"ఇది భీమవ్వ మాట."

అరుగుల మీద గుసగుసలు లేచాయి. ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. భీమవ్వ కొంగు నడుముకు దోపుకుని ముందు నడిచింది. సాయిలు ఆమె వెనుక, మేము వాళ్ల వెనుక. పెద్దకాపుల వాడ, గొల్లవాడ, చాకలివాడ అన్నీ తిరిగాం. రెండో వాడ నుంచి సాయిలు ఆ చివరి మాట దగ్గర ఆగనేలేదు. మాదిగవాడ చేరేసరికి, ఆ రోజు పోచవ్వకు భుజం పట్టడానికి రాని పక్కింటి భాగ్యవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి భీమవ్వ ముందు నిలబడింది. భీమవ్వ చెంబు అందుకుని సగం తాగి, మిగతాది సాయిలుకిచ్చింది.

సాయంత్రం కావస్తోంది, ట్రాక్టర్‌వాడు తొందరపెడుతున్నాడు. ఇక చాలు పోదామన్నాను. సాయిలు తల అడ్డంగా ఊపాడు. కాదని, ఆ మాట మీద నిలబడటం అతనిలో నేను చూసింది అదే మొదటిసారి. వాడ చివర వాళ్ల పాత ఇల్లు కూలి ఉంది. పైకప్పు లేదు, గుమ్మం మాత్రం నిలిచి ఉంది. మేము తప్ప వినేవాళ్లెవరూ లేరక్కడ. అయినా ఆ గుమ్మం ముందు నిలబడి మొదటి నుంచి ఒక్క ముక్క వదలకుండా చాటాడు. మాట ఎవరిదో చెప్పాడు. డప్పు భుజం నుంచి దించి, ఆ ఖాళీ గుమ్మంలోకి, ఒకప్పుడు తల్లి మంచం ఉన్న వైపు చూస్తూ అడిగాడు.

"ఇన్నవా అవ్వా?"