దయ్యానికి నీళ్ళు అయిపోయాయి

నోయిడాలో మీడియా కోర్సు చదువుతున్న మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక దయ్యాల గేమ్ తయారు చేసింది. ఈ సాయంత్రం గదిలో లైట్లు ఆర్పేసి, నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "నువ్వు భయపడితేనే ప్రాజెక్ట్ పాస్, మమ్మీ" అని కూర్చోబెట్టింది. దాని స్నేహితురాళ్ళు అప్పటికే ఆడి, కెవ్వుమని అరిచారట.

తెర మీద పొడవాటి చీకటి వరండా. ఎక్కడో ఎవరో గరగరమంటూ ఊపిరి పీలుస్తున్న చప్పుడు. గభాలున లేచి నిలబడ్డాను.

"డర్ గయీ నా?" అంది, భయపడ్డానని సంబరపడిపోతూ.

"కాదే, కూలర్‌లో నీళ్ళు అయిపోయాయి. బకెట్ ఏదీ?"

"మమ్మీ! యే భూత్ హై!"

కాసేపు మొహం మాడ్చుకుని, తర్వాత తనే ఒప్పుకుంది. ఆ చప్పుడు ఢిల్లీ జనక్‌పురిలోని మా పాత ఇంట్లో తీసిన వీడియోలోని కూలర్‌దట! అక్కడ అందరికీ ఒకే గది, ఒకే కూలర్. నీళ్ళు అయిపోయి దాని పంపు అలా గరగరమనగానే మా ఆయనో నేనో నిద్రలోనే లేచి నీళ్ళు పోసేవాళ్ళం, పిల్ల ఉక్కకి లేవకముందే.

ఇప్పుడు గదికో ఏసీ. హాయిగానే ఉంది. ఎవరూ ఎవరికోసమూ లేవక్కర్లేదు.

కూలర్‌లో నీళ్ళు పోయడం మీ ఇంట్లో ఎవరి వంతు?